రేసు మీది, కేసు మాది

మొన్న ఒకాయన నా షెడ్డుకు వచ్చాడు. ఆయన కారులో దిగాడు, ఆయన బండి వెనకాల ట్రాలీ ఆటోలో దిగింది. ఆర్ఎక్స్ 100. లక్షా నలభై వేలు పెట్టి కొన్నాడట. "దీన్ని వింటేజ్ డ్రాగ్‌కు తయారు చెయ్యాలె. పదివేల ఆర్‌పీఎం దాటాలె. ఖర్చు చూడకు" అన్నాడు. నేను హెడ్డు విప్పి, సిలిండర్ లేపి, ఎగ్జాస్ట్ పోర్టు మీద వేలు పెట్టి ఎక్కడ ఎంత తియ్యాలో చెప్తుంటే, పక్కనున్న దోస్తుతో నెమ్మదిగా అన్నాడు: "వీళ్లకు చదువు లేకున్నా చేతివాటం ఉంటది. జుగాడ్ అంటే ఇదే."

చేతివాటం అంటే మన తెలుగులో దొంగతనమని కూడా అర్థం ఉంది. ఆయన ఆ అర్థంలో అనలేదు, మెచ్చుకున్నాననే అనుకున్నాడు. అదే నాకు కాలింది. కాలేజీలో చదివినోడు చేస్తే పరిశోధన. వీణ మీద వేళ్లు ఆడించినోడు చేస్తే సాధన. గుడికి రాయి చెక్కితే శాస్త్రం. మాదిగోడు నలభై ఏండ్లు ఒక సిలిండర్ లోపల గాలి ఎట్ల పోతదో కనిపెట్టి చెప్తే చేతివాటం! అయ్యా, నువ్వు మెచ్చుకోవడానికి వాడిన ఆ మాటలోనే నన్ను మళ్లీ వాడ చివరికి పంపించావు. నీకు జవాబు షెడ్డులో చెప్పలేదు. బేరం పోతుందని కాదు, చేతిలో నీ సిలిండర్ ఉంది, దానికి కోపం తగలొద్దని. ఇప్పుడు చెప్తాను.

మా అయ్యది ఆలేరు దగ్గర ఊరు. మా తాత మోట బొక్కెనలు కుట్టేవాడు. మోట చూసిన వాళ్లు ఇప్పుడు తక్కువ. పెద్ద తోలు సంచి, దాని కింద ఒక తొండం. ఆ తొండం పైన వెడల్పు, కిందికి పోను సన్నం. చదునుగా ఉన్న తోలును ఎంత వంకరగా కోస్తే చుట్టినప్పుడు ఆ తొండం అవుతుందో, ఎక్కడ కుడితే ఎద్దులు లాగినప్పుడు చుక్క నీరు కారదో, అది మా తాతకు లెక్కే. ఆ లెక్క కాగితం మీద లేదు, రంపె మొనలో ఉంది. ఊరి బావులన్నీ ఆ తొండంతోనే పారినయ్. ఆ నీళ్లతో పండిన వడ్లు మాకు కళ్లం కాడ చాటెడు వచ్చినయ్. ఆ బావిలో మేము చేద వెయ్యొద్దు. తోలు మాదే, కుట్టు మాదే, నీళ్లు మాత్రం మావి కావు.

ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చి మోట పోయింది. అయ్య 1966లో అవ్వను తీసుకొని రైలెక్కి సికింద్రాబాదుల దిగాడు. క్లాక్ టవర్ దగ్గర ఫుట్‌పాత్ మీద ఆరె, రంపె పెట్టుకొని కూర్చున్నాడు. తర్వాత రాణిగంజ్‌లో పంపుల దుకాణాలకు తోలు వాషర్లు కోసి ఇచ్చేవాడు. బోరింగు చేతిపంపు లోపల నీటిని పైకి పట్టేది ఆ తోలు గిన్నె వాషరే. ఇంజన్ మా అయ్య పని తీసేసింది, ఆ ఇంజన్ దగ్గరికే నన్ను పంపించాడు. 1981లో నాకు పదమూడేండ్లు. ఏడో తరగతి సగంలో ఆపి రాణిగంజ్‌లో ఒక ముసల్మాన్ ఉస్తాద్ షెడ్డులో పడ్డాను. పానాలు అందించడం, కిరసనాయిలుతో చైన్లు కడగడం, చాయ్ తేవడం. ఒక్కటి చెప్పాలె: ఆ షెడ్డులో అందరికీ ఒకే గ్లాసు. ఊళ్లో మాకు దొరకనిది నాకు అక్కడ మొదటి దినమే దొరికింది. ఉస్తాద్ నా కులం అడగలేదు. అడిగినా మర్చిపోయేవాడు, ఆయనకు బండ్ల నంబర్లు తప్ప ఏదీ గుర్తుండేది కాదు.

1985. ఆ సంవత్సరాన్ని నేను రెండు తీర్ల గుర్తు పెట్టుకున్నాను. జూలై 17న కారంచేడులో మా మాదిగోళ్లను వేటాడి చంపారు. తాగే నీళ్ల చెరువును మురికి చెయ్యొద్దన్న మాట మీద మొదలైంది, ఆరుగురి ప్రాణాలు పోయినయ్. ఆ వార్త చదివి వినిపించమని అయ్య అడిగితే సగం చదివి ఆపేశాను. ఆ ఏడే యమహా ఆర్ఎక్స్ 100 వచ్చింది. మా షెడ్డుకు మొదటి బండి వచ్చిన దినం ఉస్తాద్ దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. 98 సీసీ, 11 హార్స్‌పవర్, 7,500 ఆర్‌పీఎం దగ్గర. బండి బరువు నూరు కిలోల చిల్లర. దాన్ని స్టార్ట్ చేసి కండ్లు మూసుకొని, "కాన్ సే దేఖ్ బేటా" అన్నాడు. చెవితో చూడు! నేను ఇప్పటికీ ఇంజన్‌ను చెవితోనే చూస్తాను.

ఇంజన్ సంగతి కొంచెం చెప్పాలె, లేకుంటే నా కోపం మీకు అర్థం కాదు. డ్రాగ్ అంటే మలుపులు లేని పందెం. 402 మీటర్లు, ఇంగ్లీషు లెక్కల పావు మైలు. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతయ్, పచ్చ దీపం వెలుగుతుంది, ఎవడు ముందు పోతే వాడు గెలిచినట్టు. వంద సీసీ తరగతి అంటే వంద సీసీనే, పెంచడానికి లేదు. మరి శక్తి ఎక్కడినుంచి రావాలె? కంచం చిన్నదైతే ఎక్కువసార్లు పెట్టించుకొని తినాలె. నిమిషానికి ఏడువేల ఐదు వందల సార్లు తిరిగేదాన్ని పదివేల సార్లు తిప్పాలె. ఈ బండి స్ట్రోక్ 50 మిల్లీమీటర్లు. పదివేలకు పోతే పిస్టన్ ఒక్క సెకనుకు 166 సార్లు కిందికి దిగి పైకి ఎక్కుతుంది. అంటే సెకనుకు 333 సార్లు పూర్తిగా ఆగి మళ్లీ ఉరుకుతుంది. టూ స్ట్రోక్ కాబట్టి తిరిగిన ప్రతిసారీ మంట. పాత పొగ పోవాలె, కొత్త గ్యాస్ రావాలె, అన్నీ ఆ ఆరు మిల్లీ సెకన్లలోనే.

అందుకు పోర్టులు పెంచాలె. ఎగ్జాస్ట్ పోర్టు పై అంచును ఆకురాయితో గోరంత లేపాలె. గోరంతే. ఎక్కువ లేపితే కింది స్పీడుల బండి చచ్చిపోతుంది, ఏడువేల లోపల గుంజదు. అడ్డంగా ఎక్కువ పెంచితే రింగు కొస పోర్టులో పడి విరుగుతుంది. విరిగిన ముక్క సిలిండర్‌ను గీకేస్తుంది. మెయిన్ జెట్ చిన్నదైతే పెట్రోలు చాలక పిస్టన్ కాగి పట్టేస్తుంది. పట్టేస్తే వెనక చక్రం బిగుసుకుంటుంది, నడిపేవాడు ముందుకు ఎగిరిపోతాడు. జనవరి తెల్లారుజామున గాలి చిక్కగా ఉంటుంది, పెద్ద జెట్ కావాలె. మే నెల మధ్యాహ్నం అదే జెట్ పెడితే బండి ముక్కుతుంది. ప్లగ్గు విప్పి మొన రంగు చూడాలె. తెల్లగుంటే ప్రమాదం, నల్లగుంటే దండుగ, చాక్లెట్ రంగుంటే సరి. నేను నేర్చుకునేటప్పుడు ఎన్ని పిస్టన్లు పాడుచేశానో ఉస్తాద్ లెక్క పెట్టలేదు, నేను పెట్టాను. పదకొండు. నాకెవ్వడూ డిగ్రీ ఇయ్యలేదు గాని పరీక్ష రాయలేదని మాత్రం అనకండి.

నూనె సంగతి ఇంకోటి. కంపెనీ బండికి నూనె పంపు వేరే ఉంటుంది. పందేనికి దాన్ని తీసేసి పెట్రోలులోనే నూనె కలుపుతాం, ఇరవైకి ఒకటి. పాతకాలం రేసుల్లో అందరూ నమ్మిన నూనె ఏదనుకున్నారు? ఆముదం. క్యాస్ట్రాల్ అనే పేరే ఆముదం ఇంగ్లీషు పేరు నుంచి 1909లో పుట్టింది. ఎంత వేడికైనా లోహాన్ని వదలకుండా పట్టుకుంటుంది. కాకపోతే జిగురు పేరుకుంటుంది, ప్రతి పందెం తర్వాత ఇంజన్ విప్పి రింగుల గాడులు గీకాల్సిందే. కాలిన ఆముదం వాసన వస్తే ఈ వింటేజ్ దొరలు కండ్లు మూసుకొని పీలుస్తారు. సెంటు లెక్క! మా అయ్య ఒంటికి అదే వాసన. తోలు మెత్తబడాలని ప్రతి చెప్పుకు, ప్రతి వారుకు ఆముదం పట్టించేవాడు. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఆ వాసన వస్తోందని నన్ను బెంచీ కొసకు జరిపి కూర్చోబెట్టారు. ఒకే నూనె. మా ఒంటి మీద అంటు, మీ సైలెన్సర్లో అత్తరు.

ఇక సైలెన్సర్. టూ స్ట్రోక్ ఇంజన్‌కు అది పొగగొట్టం కాదు, సగం ఇంజన్. ఎగ్జాస్ట్ తెరిచినప్పుడు ఒక శబ్దపు అల గొట్టంలో ఉరుకుతుంది. గొట్టం వెడల్పవుతున్న చోట ఆ అల సిలిండర్‌ను వెనక నుంచి పీలుస్తుంది, పొగ అంతా బయటికి వస్తుంది, దాని వెంబడి కొంత కొత్త గ్యాస్ కూడా. గొట్టం మళ్లీ సన్నబడే చోట అదే అల తిరగబడి, పారిపోతున్న కొత్త గ్యాస్‌ను పోర్టు మూసుకునే లోపల సిలిండర్లోకి నెడుతుంది. అల పోయి వచ్చే టైము, పోర్టు తెరిచి మూసే టైము కలవాలె. పదివేల ఆర్‌పీఎంకు సుమారు ఎనభై రెండు సెంటీమీటర్ల పొడవు వస్తుంది. పొడవు తగ్గిస్తే స్పీడు ఇంకా పైకి పోతుంది.

నేను 1993లో మొదటిసారి అసుంటి గొట్టం చెయ్యబోయి నాలుగు రేకులు పాడు చేసుకున్నాను. శంకు ఆకారం చుట్టితే మూతి వంకర పోతోంది. రాత్రి ఇంట్లో రేకు ముందర పెట్టుకొని తిట్టుకుంటుంటే అయ్య చూశాడు. "ఏందిరా అది?" అన్నాడు. బొమ్మ గీసి చూపించాను. కాసేపు చూసి, "తొండమే గదా" అన్నాడు. పాత సిమెంటు సంచి కాగితం తెమ్మన్నాడు. దారం ముక్కతో రెండు చాపాలు గీశాడు, పైది పెద్దది, కిందిది చిన్నది. రంపెతో కోసి చుట్టి నా చేతిలో పెట్టాడు. మూతి సమంగా, కొస సమంగా వచ్చింది. ఆ కాగితం రేకు మీద పెట్టి కోసి, గ్యాస్ వెల్డింగ్ పెట్టించి బండికి కట్టాను. ఎనిమిదివేలు దాటినాక అది పెట్టిన కేకకు గల్లీలో కుక్కలన్నీ లేచినయ్. మా అయ్య నవ్వడం నేను చూసింది తక్కువ. ఆ రోజు నవ్వాడు.

ఈ గొట్టం విద్య ఎవరిదని తర్వాత చదివించి తెలుసుకున్నాను. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు. పైసల్లేని దేశం, పైసల్లేని కంపెనీ. 1961 నాటికి 125 సీసీ బండిలో 25 హార్స్‌పవర్ తీశాడు, 10,800 ఆర్‌పీఎం దగ్గర. లీటరుకు రెండు వందల లెక్క, అప్పటిదాకా గాలిని మామూలుగా పీల్చే ఏ ఇంజనూ అంత ఇయ్యలేదు. ఆ ఏడాది సెప్టెంబరులో ఆయన రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి పారిపోయి ఆ రహస్యాలన్నీ జపాన్ సుజుకి చేతిలో పెట్టాడు. 1962లో 50 సీసీ ప్రపంచ ఛాంపియన్ సుజుకి, రైడర్ డెగ్నర్. దొంగ పేరు ఛాంపియన్ల పట్టీలో ఉంది. కాడెన్ కూడా సాధువేం కాదు, హిట్లర్ కాలంలో పీనెముండేలో బాంబుల పనిలో ఉన్నవాడు. కాని ఆయన పేరు పుస్తకాల్లో ఉంది. మా తాత పేరు ఏ పుస్తకంలో ఉంది? అల లెక్క మా తాతకు తెలుసని నేను అబద్ధం చెప్పను. చదును తోలును శంకు చేసే లెక్క ఆయనది. రెండూ కలిస్తేనే ఆ గొట్టం. ఒకటి సైన్సు అయింది, ఇంకొకటి కులవృత్తి అయింది.

1994లో దండోర వచ్చింది. పేరు పక్కన మాదిగ అని పెట్టుకోమన్నారు. అప్పటికి నేను సొంత షెడ్డు పెట్టి రెండేండ్లు. బోర్డు మీద నా పేరు పక్కన "మాదిగ" అని ఎర్ర రంగుతో రాయించాను. మొదటి నెలలో సగం మంది రాలేదు. వచ్చినవాళ్లలో ఇద్దరు, "అన్నా, పని మంచిగ చేస్తవ్, ఎందుకు ఇదంత" అన్నారు. రెడ్డి ఆటోమొబైల్స్, చౌదరి మోటార్స్ బోర్డుల కింద నిలబడి వాళ్లను ఈ ప్రశ్న ఎప్పుడైనా అడిగారా? బోర్డు తియ్యలేదు. మూడో నెల నుంచి మెల్లగా వచ్చారు. ఇంజన్ పట్టేస్తే కులం ఎన్ని దినాలు ఆపగలదు!

1995 జనవరిలో నగరం బయట ఒక పాత రన్‌వే మీద ఒక క్లబ్బు డ్రాగ్ పోటీ పెట్టింది. ఏ క్లబ్బో రాయను, ఇప్పుడు వాళ్లలో కొందరు ముసలోళ్లయ్యారు. నా దగ్గర నా సొంత ఇంజన్ ఉంది, రెండేండ్లు దానికే పెట్టాను. ఎంత హార్స్‌పవర్ అని కొలిచే యంత్రం నాకు లేదు, కరెంటు స్తంభం నుంచి స్తంభానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూసుకునేవాణ్ని. ఫారం తెచ్చుకున్నాను. ప్రవేశ రుసుం, హెల్మెట్, తోలు సూటు ఉండాలని రాసి ఉంది. తోలు సూటు ధర కనుక్కుంటే నా ఆరు నెలల సంపాదన.

అయ్య కుట్టాడు. మూడు వారాలు పట్టింది. బయట ఎద్దు తోలు, లోపల మెత్తని మేక తోలు. మోకాళ్లకు, మోచేతులకు, భుజాలకు రెండు పొరలు. కుట్టు మీద కుట్టు, మైనం పట్టించిన దారం. నన్ను బండి మీద వంగి కూర్చోమని, కూర్చున్న కొలతలే తీశాడు. నిలబడితే వీపు గుంజుతుంది, బండి మీద వంగితే చర్మం లెక్క అతుకుతుంది. ఆయన అంతకుముందు మనిషి ఒంటికి ఎప్పుడూ కుట్టలేదు, కాళ్లకే కుట్టాడు.

రన్‌వే దగ్గర తనిఖీ చేసే పెద్దమనిషి సూటును వేలితో పట్టుకొని చూశాడు. "ఏ కంపెనీ?" అన్నాడు. "మా అయ్య కుట్టిండు సార్." "మీ అయ్య ఏం చేస్తాడు?" చెప్పాను. ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. నేను చూశాను. "కంపెనీది కాకుంటే గ్యారంటీ ఎవరు? రూల్స్ ఒప్పుకోవు" అన్నాడు. ఆ ఫారం ఇప్పటికీ నా దగ్గర ఉంది, కంపెనీ సూటే ఉండాలని అందులో ఎక్కడా లేదు. కంపెనీ సూటు అంటే ఏంది సార్? కాన్పూరులోనో సియాల్‌కోట్‌లోనో మావంటి చేతులు కోసి కుట్టి పంపిందే, పైన ఇంగ్లీషు చీటీ అతికించుకొని వస్తుంది. చీటీ లేని మాదిగోడు దగ్గర నిలబడితే గ్యారంటీ లేదు, చీటీ వెనక దాక్కుంటే గ్యారంటీ ఉంది.

నా దగ్గర బండి చేయించుకునే ఒక దొర కొడుకు అక్కడ ఉన్నాడు. "నీ బండి నేను తోల్తా ఇయ్యి, నాకు సూటు ఉంది" అన్నాడు. ఇచ్చాను. ఎందుకిచ్చావని నన్ను చాలామంది అడిగారు. రెండేండ్లు చేసిన ఇంజన్ ఒక్కసారైనా ఆ నాలుగు వందల మీటర్లు పోవడం చూడాలని. తరగతి మొత్తంలో అది గెలిచింది. పేపర్లో ఆయన ఫొటో, ఆయన పేరు, ఆయన నాన్న పేరు. మెకానిక్ అనే మాట కూడా లేదు. నాకు ఐదు వందలు ఇచ్చాడు. అయ్య సూటు మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాడు. బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. మెట్టుగూడ దాటినాక అన్నాడు: "తోలు మంచిదే కొడుకా. కుట్టినోడే పనికి రాలే."

అమెరికాలో వెండెల్ స్కాట్ అని నల్లజాతి రేసరు ఉండేవాడు. తన కారుకు తనే మెకానిక్. 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో రేసు గెలిచాడు. జెండా మాత్రం తెల్లవాడికి ఊపారు, కప్పు కూడా వాడికే ఇచ్చారు. జనం వెళ్లిపోయినాక, లెక్క తప్పింది, గెలిచింది నువ్వేనన్నారు. ఆయన 1990లో చనిపోయాడు. రేసు సంఘం ఆ గెలుపుకు ఒక కప్పు ఆయన కుటుంబం చేతికి ఇచ్చింది 2021లో. యాభై ఎనిమిదేండ్లకు! ఈ సంగతి మా బిడ్డ చదివి వినిపించినప్పుడు అయ్య లేడు. ఉంటే ఆయనకు ఒకటే అర్థమయ్యేది, వాళ్లకు కనీసం లెక్క తప్పిందని ఒప్పుకున్నారు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలె. దాచిపెట్టి మీ మీద అరిస్తే అది నాయమైన మాట కాదు. 1998లో మా బస్తీ పిల్లగాడు ఒకడు వచ్చాడు. పంతొమ్మిదేండ్లు. వాళ్లమ్మ ఇండ్లల్ల పనిచేసి, అప్పు చేసి పాత ఆర్ఎక్స్ కొనిచ్చింది. "అన్నా, నాది కూడా కొట్టియ్యే" అన్నాడు. చేశాను. పైసలు కూడా తీసుకోలేదు. మనోడు, గెలవాలె అనుకున్నాను. ట్రాక్ ఎక్కడుంది వానికి? చెన్నై అవతల ఇరుంగట్టుకోట్టైలో 1990లో కట్టిన ట్రాక్ ఉంది, పోయిరావడానికి వాళ్లమ్మ నెల జీతం కావాలె. రాత్రి రోడ్డే వాని ట్రాక్. ఇంజన్‌ను నేను రెండింతలు చేశాను. బ్రేకు మాత్రం కంపెనీ ఇచ్చిన డ్రమ్ బ్రేకే. పిస్టన్‌కు పందెం నేర్పాను, బ్రేకుకు నేర్పలేదు. లారీ అడ్డం వచ్చింది. వాని పేరు ఇక్కడ రాయను. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ తర్వాత రోడ్డు మీద తిరిగే బండికి నేను పోర్టు ముట్టలేదు. ఎవరైనా సరే, బ్రేకులు మార్చుకొని, ట్రాలీ మీద వచ్చి, ట్రాలీ మీద పోయేటట్టయితేనే చేస్తాను.

కాని ఆ చావులో నా పాలు నేను ఒప్పుకున్నట్టు ఎవరెవరు ఒప్పుకుంటారు? రోడ్డు మీద పందెం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. ఉండాల్సిందే. పోలీసులు పిల్లల సైలెన్సర్లు ఊడబెరికి వరుసగా పేర్చి రోడ్డు రోలర్ తొక్కిస్తారు, ఫొటోలు దిగుతారు. శబ్దం తప్పే, ముసలోళ్లకు, రోగులకు నిద్ర ఉండదు. కాని ఆ వరుసలో బస్తీల సైలెన్సర్లు ఎన్ని, బంగళాల సైలెన్సర్లు ఎన్ని అని ఎవరైనా ఫొటో తీశారా? 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం పెట్టారు. 2.8 కిలోమీటర్ల ట్రాక్, అంతా మన రోడ్డే. రోడ్లు మూసి, గోడలు కట్టి, జనాన్ని చుట్టూ తిప్పి పంపారు. అక్కడే అంబేద్కర్ 125 అడుగుల విగ్రహం అప్పుడు ఇంకా కడుతున్నారు, ఏప్రిల్‌లో తెరిచారు. ఆయన కాళ్ల కాడి రోడ్డు మీద ప్రపంచపు ధనవంతులు ఉరికారు. దానికి సెక్షన్ లేదు, అనుమతి ఉంది. దాన్ని నేను వద్దనను. నేను అడిగేది ఒక్కటే. ఏడాదికి నాలుగు ఆదివారాలు, పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, అర కిలోమీటరు తిన్నని దారి, ఒక అంబులెన్స్ మా పిల్లలకు ఇయ్యడానికి ఏం అడ్డం వచ్చింది? అమెరికాలో కూడా పిల్లలు రోడ్ల మీదనే చచ్చారు. 1950లో కాలిఫోర్నియా శాంటా ఆనాలో విమానాల రన్‌వే మీద పందేలు మొదలుపెట్టి వాళ్లను రోడ్డు నుంచి తప్పించారు. మరుసటి ఏడు డ్రాగ్ రేసులకు జాతీయ సంఘమే పుట్టింది. ట్రాక్ ఉన్నోనికి రేసు, ట్రాక్ లేనోనికి కేసు. ఇదీ మన దగ్గరి రూలు.

మనవాళ్లతో కూడా ఒక తగాదా ఉంది. ఒక సభలో ఒక విద్యార్థి లేచి అడిగాడు: "అన్నా, కులవృత్తులు వదలమన్నడు బాబాసాహెబ్. నువ్వు తోలును పొగుడుతున్నవ్. పైగా దొరల ఆటబొమ్మలు బాగుచేస్తున్నవ్." మంచి ప్రశ్న. తమ్ముడూ, నేను తోలును పొగడటం లేదు. లందలో సున్నం తిన్న మా తాత వేళ్లు నేను చూసిన, ఆ పనికి ఎవ్వరూ తిరిగి పోవద్దు. నా కొడుకుకు నేను ఆరె పట్టనియ్యలేదు. పనిని వదులుదాం. కాని పనితో పాటు అందులోని లెక్కను కూడా మనది కాదని పారేస్తే, దాన్ని ఎవడో ఏరుకొని రేపు మనకే పాఠం చెప్తాడు. 1990లో మండల్‌కు వ్యతిరేకంగా పెద్దకులాల విద్యార్థులు ఢిల్లీ వీధుల్లో బూట్లు పాలిష్ చేశారు. మెరిట్ ఉన్నవాళ్లకు ఈ గతి పడుతుందని చూపించడానికి. మా అయ్య ఆ ఫొటో చూసి, "బ్రష్షు పట్టుడు రాదు వీళ్లకు" అన్నాడు. మెరిట్ గురించి నాకు తెలిసిన వాదమంతా ఆ మాటలో ఉంది. ఇక ఆటబొమ్మలంటావా, ఆట కూడా మనకు కావాలె. పొట్టకు, పోరాటానికే మనం పుట్టలేదు. 402 మీటర్లు ఉత్తగనే స్పీడుగా పోవాలనే కోరిక మాదిగ పిల్లగానికి ఉండొద్దా?

ఆర్ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది, పొగ నిబంధనలకు టూ స్ట్రోక్ నిలబడలేదు. అది సరైనదే, ఆ పొగ నా ఊపిరితిత్తుల్లోనే ఎక్కువ ఉంది. 2018లో ఆ పేరుతో సినిమా వచ్చినాక ధరలు ఇంకా పెరిగినయ్. ప్రభుత్వం 2021లో పెట్టిన రూలు ప్రకారం యాభై ఏండ్లు దాటితేనే వింటేజ్. ఆర్ఎక్స్‌కు నలభయ్యే. అయినా వింటేజ్ అంటేనే వాళ్లకు ముద్దు.

మా బిడ్డ ఇంజనీరింగ్ చదివింది. కాలేజీలో ఒక సారు, రిజర్వేషన్‌ల వచ్చినోళ్లకు మెషిన్ అర్థం కాదన్నాడట, ఈమె క్లాసులో ఉండంగనే. ఏ కాలేజీనో రాయను. ఇంటికి వచ్చి ఏడ్వలేదు. షెడ్డుకు వచ్చి డిగ్రీల చక్రం ఒకటి క్రాంక్ కొసకు బిగించింది. పోర్టును నేను గోరంత లేపితే ఎంత మారుతుందో చూస్తానన్నది. ఒక మిల్లీమీటరుకు రెండు వైపులా కలిపి నాలుగున్నర డిగ్రీలు, కొంచెం ఎక్కువే. ముందే కాగితం మీద వేసిన లెక్క, చక్రం చూపించిన లెక్క ఒకటే వచ్చినయ్. "నాయినా, నీ గోరు నాలుగున్నర డిగ్రీలే" అన్నది. ఆ తర్వాత నా షెడ్డులో ప్రతి ఇంజన్‌కు నోటు పుస్తకంలో రెండు పేజీలు ఉన్నయ్. పోర్టు ఎత్తు, గొట్టం కొలతలు, జెట్ నంబరు, ఆ రోజు గాలి వేడి. అయ్య కోసిన ఆ సిమెంటు సంచి కాగితం కొలతలు మొదటి పేజీలో ఉన్నయ్, కింద ఆయన పేరుతో.

మొన్న వచ్చినాయన పోయే ముందు గోడ మీద మొలకు వేలాడుతున్న సూటు చూశాడు. తోలు ఇప్పటికీ పగలలేదు, ఏడాదికి ఒకసారి ఆముదం పట్టిస్తాను. "ఇది ఏ కంపెనీది? ఓల్డ్ పీస్ లెక్కుంది, ఎంతకిస్తవ్?" అన్నాడు. అమ్మను అన్నాను. ఇరవై వేలిస్తానన్నాడు. అమ్మనన్నాను. "సరే, బండి ఎప్పుడు ఇస్తవ్?" అన్నాడు. ముందర బ్రేకులు మార్చుకొని రమ్మన్నాను.